చేప చిరునామా

మిన్నెసోటా ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దులో వెయ్యికి పైగా సరస్సులున్నాయి. వాటిలో చాలావాటి మీదికి మోటారు పడవ వెళ్లడానికి వీల్లేదు. అక్కడ తెడ్డు, తాడు, గాలం మాత్రమే పట్టుకుని చేప జాడ తీయడం ఎలా నేర్చుకుంటారు? ఈ వారం ముఖచిత్ర కథనం.

సరస్సు మధ్యలో పడవ ఆపి చుట్టూ చూస్తే ఎటు చూసినా నీళ్లే, అన్నీ ఒకేలా కనిపించే నీళ్లు. కొత్తగా గాలం పట్టినవాళ్లని ముందుగా బెంబేలెత్తించేది ఇదే. ఇంతటి నీళ్లలో ఎక్కడని వెయ్యాలి? నూటికి తొంభై చేపలు పదో వంతు నీళ్లలోనే ఉంటాయని అక్కడి పాతకాపులు అంటుంటారు. ఎవరో కొలిచి చెప్పిన లెక్క కాదది. అయినా రోజంతా ఖాళీ గాలంతో కూర్చుని లేచినవాళ్లెవరూ ఆ మాట కాదనరు. మంచి గాలం, ఖరీదైన ఎర, బలమైన రాడ్డు అన్నీ తర్వాతి సంగతులు. చేపలు లేని నీళ్లేవో తెలుసుకుని వాటిని ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ పోవడమే అసలు విద్య.

ఆ విద్య నేర్చుకోవడానికి చిన్న సరస్సు, మోటారు లేని చిన్న పడవ ఉంటే చాలని, నిజానికి అవే ఉండాలని నా గట్టి నమ్మకం. పెద్ద సరస్సు ఒక జీవితకాలంలో కూడా పూర్తిగా అంతుచిక్కదు. వంద ఎకరాల సరస్సయితే ఒక్క సాయంత్రంలో ఒడ్డు వెంట చుట్టి రావచ్చు. ఒక వేసవి గడిచేసరికి దాని అడుగు ఎక్కడ ఎలా ఉందో మనసులో పడిపోతుంది. అలా ఒక్క సరస్సును ఆమూలాగ్రం తెలుసుకున్నవాళ్లు కొత్త సరస్సు దగ్గరికి వెళ్లినా తడుముకోరు.

తెడ్డుకే దారి

మినియాపొలిస్ నుంచి కారులో ఉత్తరానికి నాలుగైదు గంటలు వెళ్తే ఈలీ అనే చిన్న ఊరు వస్తుంది. బౌండరీ వాటర్స్ కెనూ ఏరియా వైల్డర్‌నెస్‌కి వెళ్లేవాళ్లలో చాలామందికి అదే గుమ్మం. సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్‌లో భాగమైన ఈ అడవి దాదాపు 11 లక్షల ఎకరాలు. దాదాపు పదివేల ఏళ్ల కిందటి దాకా ఈ ప్రాంతాలని కప్పేసిన మంచు పలక కదులుతూ కదులుతూ గట్టి రాతిని గోకి చేసిన గుంటలే ఈ సరస్సులు. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం ఈ అడవిని కాపాడింది. 1978లో ప్రత్యేకంగా మరో చట్టం వచ్చి, కొన్ని సరస్సుల్లో తప్ప మోటార్లని ఆపేసింది. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా రాత్రి బస చేయాలంటే ముందే పర్మిట్ తీసుకోవాలి. ఒక్కో జట్టులో తొమ్మిది మందికి, నాలుగు పడవలకు మించకూడదు.

ఒక సరస్సు అయిపోగానే పడవని భుజాలకెత్తుకుని అడవి దారిన నడిచి ఇంకో సరస్సులో దించుతారు. ఆ దారుల్ని పోర్టేజ్‌లంటారు. వాటి పొడవుని మైళ్లలో చెప్పరు, రాడ్‌లలో చెబుతారు. పదహారున్నర అడుగులు ఒక రాడ్, అంటే ఇంచుమించు ఒక కెనూ (సన్నటి తెడ్డు పడవ) పొడవు. భూర్జ చెట్టు బెరడుతో, దేవదారు చెక్కతో అంత తేలికైన, ఎత్తుకుని నడవగలిగే పడవని తయారుచేసింది ఈ నేలమీది ఓజిబ్వేలు, వాళ్లలాంటి ఆదివాసీ జాతులవాళ్లు. ఇవాళ అద్దెకిచ్చే కెవ్లార్ కెనూలు పద్దెనిమిది, ఇరవై కిలోలుంటాయి. ఆకారం మాత్రం వాళ్లదే. పై అంచు నుంచి చేయి వంచితే నీళ్లు తగిలేంత కిందుగా, చప్పుడు లేకుండా, తెడ్డు ఆపిన చోట ఆగిపోయేలా ఉంటుంది. చేప జాడ తీసేవాళ్లకి ఈ నిదానం పెద్ద వరం. మోటారు పడవలో నిమిషంలో దాటిపోయే మలుపుని కెనూలో పావుగంట సేపు చూస్తూ వెళ్లాల్సిందే.

చూడాల్సింది నీళ్లని కాదు, ముందు ఒడ్డుని. ఒడ్డు ఎలా దిగుతుందో నీటి కింద నేల కూడా చాలా వరకు అలాగే దిగుతుంది. నిట్టనిలువు బండ ఉన్నచోట కెనూ పక్కనే లోతు. బురదనేల, తుంగ ఉన్నచోట చాలా దూరం దాకా మెరక. ఒడ్డు నుంచి రాతి కొమ్ము ఒకటి నీళ్లలోకి పొడుచుకొచ్చి మునిగిపోతే అది అక్కడితో ఆగిపోయిందనుకోకూడదు. ఇంకా కొంత దూరం నీటి అడుగున సాగుతుంది. రెండు దీవుల మధ్య సన్నటి మెరక ఉండవచ్చు. మిన్నెసోటా సహజవనరుల శాఖ లోతుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడుతుంది. అడవి లోపలి చిన్న సరస్సులన్నిటికీ అవి ఉండవు. లేనిచోట మ్యాపు మనమే గీసుకోవాలి.

బారకొక ముడి

దానికి కావాల్సింది సన్నటి నైలాన్ తాడు, చివర ఒక బరువు. బారకొక ముడి వేసుకుంటే సరి. సీసం మాత్రం వద్దు. తెగి అడుగున పడ్డ సీసపు గుళ్లని లూన్ అనే నీటిపక్షులు గులకరాళ్లనుకుని మింగి చచ్చిపోతాయి. ఉక్కో, తగరమో, టంగ్‌స్టనో కట్టుకోవాలి.

ముందు కూర్చున్నవాళ్లు తాడు వదులుతుంటే వెనక కూర్చున్నవాళ్లు పడవని కదలకుండా నిలపాలి. మా కెనూలో వెనక కొసన మా బావ ఉంటాడు. మా మాటలన్నీ ఇవే.

"బావా, రాయి తగిలింది."

"ఎన్ని?"

"రెండున్నర బారలు."

నాలుగు తెడ్లు వేశాక మళ్లీ అడుగుతాడు. "ఇప్పుడో?"

"అయిదు దాటినా ఇంకా దిగుతోంది."

"ఆగాగు, వెనక్కి తీస్తున్నా. ఆ అంచు పోనీకు."

లోతు ఎంతో తాడు చెబుతుంది. అడుగున ఏముందో వేళ్లు చెబుతాయి. రాతి మీద పడితే టక్కుమని తగిలి తాడు ఒక్కసారిగా వదులవుతుంది. ఇసుకలో మెత్తగా ఆగుతుంది, ఎత్తితే తేలిగ్గా వస్తుంది. గులకరాళ్ల మీద కాస్త ఈడిస్తే కరకరమన్న సన్నటి కంపనం చూపుడు వేలి దాకా పాకుతుంది. బురదలో దిగిందో లేదో చప్పున తెలియదు. లాగబోతే ఎవరో కింద పట్టుకున్నట్టు బరువుగా, ఆలస్యంగా వదులుతుంది. బరువు మీద నల్లటి మన్ను అంటుకుని వస్తుంది. నాచు అయితే తాడుకి ఆకుపచ్చని పోగులు చుట్టుకుంటాయి. ఇవన్నీ కాగితం మీద చుక్కలుగా పెట్టుకుంటూ పోతే గంటలోపు రెండు గీతలు తేలతాయి. రాయి ఆగిపోయి బురద మొదలయ్యే గీత, మెరక తెగి లోతు మొదలయ్యే గీత. ఆ రెండూ ఒకేచోట కలిశాయంటే గాలం అక్కడ వెయ్యాలి. మెరక మీద చిన్నచేపల మేత, పక్కనే పెద్దచేప దాక్కోవడానికి లోతు. తిండికీ భద్రతకీ మధ్య దూరం తక్కువున్న చోటే చేప ఉంటుంది.

ఈ సంగతిని అమెరికాలో అందరికీ అర్థమయ్యేలా చెప్పినవాడు నార్త్ కరోలినాకి చెందిన ఎల్‌వుడ్ బక్ పెర్రీ. స్పూన్‌ప్లగ్ అనే లోహపు ఎరను తయారుచేసి, దాన్ని వేర్వేరు లోతుల్లో అడుగుకి తగిలేలా లాగుతూ చేపలెక్కడున్నాయో వెతికేవాడు. చేప అసలు నివాసం లోతేనని, తిండి వేళకి అక్కడి నుంచి నేల తీరుని పట్టుకుని ఒక దారి వెంట పైకొస్తుందని ఆయన వాదన. ఆయన లాగిన ఎర చేసిన పనే మన ముడుల తాడూ చేస్తుంది.

తాడు చివర ఒక థర్మామీటర్ కూడా కట్టగలిగితే సరస్సు రెండో గుట్టు కూడా తెలుస్తుంది. వేసవిలో ఈ సరస్సులు పొరలుగా విడిపోతాయి. పైన వెచ్చటి నీరు, అడుగున చల్లటి బరువైన నీరు, మధ్యలో ఒకటి రెండు బారల్లోనే వేడి గబగబా పడిపోయే పలుచటి పొర. నీరు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర. అందుకే చల్లటి నీరు అడుగుకి చేరి అక్కడే ఉండిపోతుంది. చిన్న సరస్సుల్లో గాలి తాకిడి తక్కువ కాబట్టి పై పొర కూడా పలుచగానే ఉంటుంది. పోషకాలు ఎక్కువున్న, నాచు పట్టిన సరస్సులో ఆకూ అలమూ అడుగున కుళ్లి, కింది పొరలోని ఆక్సిజన్‌ని తినేస్తాయి. అక్కడ ఎంత లోతున్నా జూలై, ఆగస్టుల్లో చేప నిలవదు. అలాంటి సరస్సులో సగానికి పైగా నీళ్లని ఒక్క దెబ్బతో పక్కన పెట్టేయొచ్చు. అదే రాతి గుంటలో, స్వచ్ఛమైన, లోతైన సరస్సయితే అడుగున కూడా ప్రాణవాయువు మిగులుతుంది. 10 డిగ్రీల చుట్టూ చల్లదనం కోరుకునే లేక్ ట్రౌట్ అక్కడుంటుంది. ఒకే అడవిలో, ఒకే పోర్టేజ్‌కి రెండు వైపులా ఉన్న రెండు సరస్సుల్లో వేర్వేరు చేపలుండటానికి కారణం ఇదే.

గాలి, వెలుతురు

ఈ నీళ్లలో అందరూ కోరుకునేది వాలై అనే చేప. 1965 నుంచి మిన్నెసోటా రాష్ట్ర చేప కూడా అదే. దాని కంట్లో వెలుతురుని తిరిగి వెనక్కి కొట్టే పొర ఒకటుంటుంది. అందువల్ల మసక చీకట్లో అది చిన్నచేపల్ని చూడగలదు, చిన్నచేపలు దాన్ని చూడలేవు. రాత్రి దీపం చూపిస్తే ఆ కళ్లు మెరుస్తాయి. ఓజిబ్వేలు పూర్వం దివిటీలు పట్టుకుని పడవల్లో చేపల్ని బల్లేలతో వేటాడేవారు. అది చూసిన ఫ్రెంచి వర్తకులు విస్కాన్సిన్‌లోని ఒక సరస్సుకి దివిటీల సరస్సు అన్న అర్థంలో లాక్ డు ఫ్లాంబో అని పేరు పెట్టారు. ఆ కన్ను అర్థమైతే వాలై దినచర్య అర్థమైనట్టే. తెల్లవారుజామున, పొద్దుగూకేవేళ మెరకకొస్తుంది. మిట్టమధ్యాహ్నం, నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు లోతుకి పోతుంది. చుట్టూ బురదనేలలుండి నీరు టీ డికాక్షన్ రంగులో ఉన్న సరస్సులో పగలు కూడా తక్కువ లోతులోనే దొరుకుతుంది.

నీరు ఎంత స్వచ్ఛమో కొలవడానికి 1865లో ఇటలీలో ఏంజెలో సెక్కి అనే మతగురువు తెల్లటి పళ్లెం ఒకటి నీళ్లలోకి దించి చూశాడు. అది కనుమరుగైన లోతే కొలత. శాస్త్రవేత్తలు ఇవాళ్టికీ ఇరవై సెంటీమీటర్ల సెక్కి పళ్లేన్నే వాడుతున్నారు. తాడుకి తెల్లటి మూత కట్టి దించినా మన పనికి సరిపోతుంది.

గాలి దగ్గరే కెనూలో ఉన్నవాళ్లకి పేచీ. ఎదురుగాలిలో తెడ్డు వేయలేక అందరూ గాలి లేని ఒడ్డుకే చేరతారు. చేపలు మాత్రం గాలి కొట్టే ఒడ్డు దగ్గరుంటాయి. గాలి పై నీటిని, దానితోపాటు కంటికి కనిపించని సూక్ష్మజీవుల్ని ఆ ఒడ్డుకి తోస్తుంది. వాటి వెంట చిన్నచేపలు, వాటి వెంట వాలై. పైగా చిరు అలలు వెలుతురుని చెదరగొట్టి పట్టపగలే దానికి మసక చేసి పెడతాయి. అలల్లో నిలబడాలంటే లంగరు కావాలి. బరువు మోసుకెళ్లడం ఎందుకని అక్కడివాళ్లు ఉల్లిగడ్డల జాలి సంచి ఒకటి మడిచి జేబులో పెట్టుకెళ్లి, ఒడ్డునున్న రాళ్లతో నింపుకుంటారు. ఆ లంగరు తాడుని పడవ కొసకే కట్టాలి. పక్కకి కడితే అలకి కెనూ బోల్తా పడుతుంది. మేలో మంచు కరిగిన కొత్తలో నీళ్లు 10 డిగ్రీలు కూడా ఉండవు. ఆ చలిలో ఎంతటి ఈతగాడికైనా కొన్ని నిమిషాల్లోనే చేతులు పనిచేయవు. లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉండాలి, పడవలో ఏ మూలనో కాదు. అలలు తెల్లగా విరుగుతుంటే ఎంత మంచి చోటైనా ఒడ్డెక్కేయాలి.

కొత్త నీరు

సరస్సులోకి వాగు వచ్చి కలిసే చోటు గురించి మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. తొలకరికి చెరువులోకి కొత్త నీరొస్తే చేపలు ఎదురెక్కుతాయని, మత్తడి దుంకుతుంటే దాని కింద వల పట్టాలని తెలంగాణ పల్లెల్లో పిల్లలకి కూడా తెలుసు. ఇక్కడ వాన పాత్ర మంచుది. ఏప్రిల్ చివర్లోనో, మే మొదట్లోనో గడ్డ కరగ్గానే, నీళ్లు 6 నుంచి 10 డిగ్రీలకి చేరుతున్నప్పుడు వాలై గుడ్లు పెట్టడానికి వాగులకి, గులకరాళ్ల మెరకలకి వస్తుంది. మే మధ్యలో వేట అనుమతించే తొలి రోజులకి చాలా చేపలు ఇంకా ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. మిన్నెసోటాలో పట్టిన అతి పెద్ద వాలై, పదిహేడున్నర పౌండ్లది, 1979 మే నెలలో సాగనాగా సరస్సు దగ్గర సీగల్ నదిలోనే దొరికింది. పోర్టేజ్ దారి దాదాపు ఎప్పుడూ రెండు సరస్సుల్ని కలిపే వాగు పక్కనే ఉంటుంది. పడవ దించగానే దూరం పోవాలన్న తొందరలో చాలామంది ఆ చోటుని వదిలేసి వెళ్లిపోతారు.

జూన్‌లో మాత్రం గాలం పక్కన పెట్టి చూడాల్సినది ఒకటుంది. నీళ్లు 15, 16 డిగ్రీలకి చేరాక స్మాల్‌మౌత్ బాస్ మగచేప ఒడ్డు దగ్గర గులకల్లో తోకతో ఊడ్చి గుండ్రటి గూడు చేస్తుంది. కెనూ మీంచి వంగి చూస్తే చుట్టూ గోధుమరంగు అడుగు, మధ్యలో శుభ్రం చేసిన తెల్లటి గులకరాళ్లు, పైన ఆకుపచ్చ, కంచు కలిసిన రంగులో అడుగున్నర చేప కనిపిస్తాయి. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోయింది. మగచేప రెక్కలతో గుడ్ల మీద నీటిని విసురుతూ, దగ్గరికొచ్చిన ప్రతి చిన్నచేప మీదికీ దూకి తరిమి, తిరిగి అదే చోటికొచ్చి నిలుస్తుంది. పడవ నీడ పడ్డా కదలదు. ఆ సమయంలో ఎర వేస్తే దాన్ని పట్టడం చాలా తేలిక. పట్టిన కాసేపట్లోనే మిగతా చేపలు గూడు ఖాళీ చేసేస్తాయి. అది నేర్పు లేని వేట, చేయకూడని వేట.

మన కొర్రమీను కూడా ఇలాంటిదే. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన తిరుగుతుంటే కింద పెద్దచేప కాపలా ఉందని చెరువు మీద బతికేవాళ్లకి తెలుసు. పిల్లల్ని బట్టే పెద్దదాని జాడ పడతారు. తెలంగాణ రాష్ట్ర చేపయిన ఆ కొర్రమీను రుచి కోసం ఇక్కడి తెలుగువాళ్లు తపించిపోతారు. కానీ ఆ జాతి చేపల్ని ప్రాణాలతో దిగుమతి చేయడాన్ని అమెరికా 2002లోనే నిషేధించింది. గాలి పీల్చుకుంటూ ఎక్కడైనా బతికే గట్టి చేప ఇక్కడి నీళ్లలో పడితే స్థానిక చేపలకి ముప్పు. ఆ నిషేధం సరైనదే. వాలై ముక్కలకి ఉప్పూ కారం పట్టించి, బియ్యప్పిండి అద్ది, పొయ్యి మీద వేయిస్తే ఆ లోటు చాలా వరకు తీరుతుంది. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోవాలి. గాలి ద్వారా వచ్చి చేరే పాదరసం ఇక్కడి పెద్ద చేపల్లో పేరుకుంటుంది. తినడానికి చిన్నవే మేలు. గర్భిణులు, పిల్లలు ఎంత తినవచ్చో రాష్ట్ర ఆరోగ్యశాఖ సూచనలు చూసుకోవాలి.

ఎర సంగతీ మనవాళ్లకి కొత్తగా ఉంటుంది. వానపాము రైతు నేస్తమని చదువుకుని పెరిగిన మనం, మిగిలినవాటిని చెట్టు కింద వదిలితే పుణ్యమనుకుంటాం. మిన్నెసోటా అడవుల్లో సహజంగా వానపాములు లేవు. మంచు పలక వెళ్లిపోయాక ఆ అడవులు వాటి అవసరం లేకుండానే పెరిగాయి. బయటినుంచి వచ్చినవి రాలిన ఆకుల పొరని తినేసి, దాని మీద ఆధారపడ్డ మొక్కల్ని చంపేస్తున్నాయి. అందుకే మిగిలిన ఎరని చెత్తబుట్టలోనే వేయాలి. ఇక లైసెన్సు, 16 ఏళ్లు నిండినవాళ్లకి తప్పనిసరి.

చేపల్ని చూపించే యంత్రాలు లేవా అంటే ఉన్నాయి. అరచేతిలో పట్టే సోనార్‌ని కెనూ అంచుకి బిగించుకోవచ్చు. 2018 తర్వాత వచ్చిన సోనార్లలో కొన్ని పడవ ముందున్న చేప కదలికల్ని అప్పటికప్పుడు తెర మీద చూపిస్తున్నాయి. కొత్తవాళ్లు మొదటి వేసవి వాటి జోలికి పోకపోతే మంచిదని నా అభిప్రాయం. తెర చేపని చూపిస్తుంది, అది అక్కడ ఎందుకుందో చెప్పదు. గాలి మారితే ఎటు పోతుందో చెప్పదు. తాడుతో కొలిచినవాళ్లకి ఆ ఎందుకు, ఎటు ముందే తెలుస్తాయి. పైగా తెర మీంచి కళ్లు తిప్పనివాళ్లకి లూన్ పక్షి మాటిమాటికీ ఒకేచోట మునగడం కనిపించదు. చిన్నచేపల గుంపు అక్కడుందని ఆ పక్షి చెబుతూనే ఉంటుంది.

ఇంత కష్టపడి తెలుసుకున్నదంతా ఏటా ఒకసారి తారుమారవుతుంది. సెప్టెంబరు చివర్లో పై నీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి. గాలి తోడయ్యేసరికి పొరలన్నీ కలిసిపోతాయి. పైనుంచి అడుగు దాకా ఒకే వేడి, ఒకే ఆక్సిజన్. ఆ రెండు మూడు వారాలు చేప ఎక్కడైనా ఉండొచ్చు. వేడి పొరల లెక్క పనికిరాదు. రాయి, బురద, అంచు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. నవంబరులో గడ్డ కట్టడం మొదలై, మంచు మనిషి బరువు ఆపేంత మందం కాగానే జనం నడుచుకుంటూ సరస్సు మధ్యకి వెళ్లి బొరియలు తొలిచి గాలాలు వేస్తారు. మంచు కప్పిన సరస్సు మీద ఒడ్డు తప్ప ఆనవాలేదీ ఉండదు. వేసవిలో గీసుకున్న కాగితం ఉన్నవాళ్లు రాతి కొమ్ము దగ్గర నిలబడి, అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, రెండున్నర బారల దగ్గర ఒకటి, అయిదు బారల దగ్గర ఒకటి బొరియ తొలుస్తారు.